సగం బోర్లు బంగాళాఖాతంలో తేలుతున్నాయి: క్యూజీఐఎస్‌లో నా తప్పెక్కడ?

దేవరకద్ర సైన్స్ సారు

అందరికీ నమస్కారం. నేను దేవరకద్ర వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కంప్యూటర్ పని కిందా మీదా పడి నేర్చుకున్నదే తప్ప ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ప్రశ్న మరీ పిల్లల ప్రశ్నలా ఉంటే నవ్వుకోండి, కానీ జవాబు మాత్రం చెప్పండి.

సంగతేమిటంటే, మా తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి రెండు నెలలుగా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చూస్తున్నాం. కిట్టుతోనే. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నకొద్దీ అది పసుపుకు తిరుగుతుంది. పక్కన రంగుల అట్ట పెట్టుకొని, ఏ గడికి దగ్గరగా ఉందో చూసి అంకె రాసుకోవాలి. గొట్టాన్ని ఎండకు పట్టి చూడాలా, నీడలో చూడాలా అని పిల్లలు రోజూ కొట్లాట. మొత్తం 64 బోర్లు అయ్యాయి. 31 మా వైపువి, అంటే దేవరకద్ర, మరికల్, కోయిలకొండ చుట్టూ. మిగతా 33 జడ్చర్ల, బాలానగర్ వైపు. అటు మా అత్తగారి ఊరు కాబట్టి ఆదివారాలు ఆటో మాట్లాడుకొని తిరిగాం.

బోరు ఎక్కడుందో రాసుకోవడానికి మా బావమరిది దగ్గర చేతి జీపీఎస్ తెచ్చాను. వాడు సర్వే పనులు చేస్తాడు. అది డిగ్రీలు చూపించదు, రెండు పెద్ద అంకెలు మీటర్లలో చూపిస్తుంది: ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత), నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత). ఉదాహరణకు మా దగ్గరి ఒక బోరుకు ఈస్టింగ్ 8 లక్షల 2 వేల చిల్లర, జడ్చర్ల దగ్గరి బోరుకు 1 లక్షా 95 వేల చిల్లర. నార్తింగ్ అన్నిటికీ 18 లక్షల పైనే. ఎక్సెల్‌లో ఎక్కించి, సీఎస్‌వీ చేసి, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో డెలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా తెచ్చాను. సీఆర్ఎస్ (ఆ అంకెలు ఏ కొలత లెక్కవో చెప్పేది, ఒక్కో లెక్కకు ఒక ఈపీఎస్‌జీ నంబరు ఉంటుంది) ఏం పెట్టాలని అడిగితే మా బావమరిది “తెలంగాణ అంతా 44 నార్తే బావా, ఈపీఎస్‌జీ 32644 పెట్టు” అన్నాడు. పెట్టాను.

జడ్చర్ల వైపు బోర్లు ముత్యాల్లా కూర్చున్నాయి. ఉపగ్రహ చిత్రం మీద చూస్తే ఒక బోరు సరిగ్గా గుడి మలుపు దగ్గర, చింతచెట్టు నీడలో ఉంది. నిజంగానే అది అక్కడే ఉంటుంది. మా వైపు 31 బోర్లు మాత్రం సముద్రంలో! విశాఖపట్నానికి కింద, తీరానికి నూరు కిలోమీటర్ల పైన లోపలికి. ఇంకో వింత ఏమిటంటే చెల్లాచెదురు కాలేదు. మా స్కూలు బోరు, చెరువుకట్ట బోరు, ఎల్లమ్మ గుడి బోరు ఉండాల్సిన వరసలో, ఉండాల్సిన దూరంలోనే ఉన్నాయి. ఊరిని ఊరంతా ఎత్తుకుపోయి నీళ్లలో దించినట్టుంది.

అంకెలు మళ్లీ కొట్టాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. కింద కుడి మూలన ఉన్న సీఆర్ఎస్ మీద నొక్కి నాలుగైదు మార్చి చూశాను. పటం సాగుతుంది, వంగుతుంది, బోర్లు మాత్రం సముద్రం వదలవు.

రెండో బాధ చిన్నది. ఊరివారీ గ్రాఫ్ పైథాన్‌లో, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీశాను. ఊరి పేర్లు తెలుగులో పెడితే అన్నీ డబ్బాలు. ఒక తెలుగు ఫాంట్ పెడితే డబ్బాలు పోయాయి గానీ ఒత్తులు ఊడిపోయి “జడ్చర్ల” చదవలేకుండా వచ్చింది. పిల్లలు పగలబడి నవ్వారు.

వచ్చే గురువారం జిల్లా సైన్స్ ఫెయిర్. హెచ్చెం సారు రోజుకు రెండుసార్లు “మ్యాప్ అయిందా” అని అడుగుతున్నారు. టెన్షన్ గా ఉంది.

వెనక బెంచి

ఎక్స్ కాలమ్, వై కాలమ్ తారుమారై ఉంటాయి సార్. మార్చి చూడండి. నూటికి తొంభై సార్లు అదే.

దేవరకద్ర సైన్స్ సారు

అదే అయితే 64 బోర్లూ పోవాలి కదా తమ్ముడూ. 33 చక్కగా కూర్చున్నాయి. అయినా మార్చి చూశాను, ఈసారి అన్నీ గల్లంతు.

మర్రిగూడ మ్యాపులు

సార్, మీ బోర్లు సముద్రంలో ఎంత దూరం పోయాయో ఒకసారి కొలవండి. పందెం కాస్తా, సరిగ్గా 6 డిగ్రీలు తూర్పుకు పోయి ఉంటాయి. ఒక్క డిగ్రీ కూడా అటూఇటూ ఉండదు.

మీ బావమరిది చెప్పింది మా నల్లగొండకు నిజం, హైదరాబాద్‌కు నిజం, మీ అత్తగారి ఊరికీ నిజం. మీ ఊరికే కాదు. మీ జీపీఎస్ చూపే ఈస్టింగ్, నార్తింగ్ లెక్క పేరు యూటీఎం. అందులో భూమిని 6 డిగ్రీల రేఖాంశానికి ఒకటి చొప్పున 60 జోన్లుగా కోశారు. 72 నుంచి 78 దాకా 43వ జోన్, 78 నుంచి 84 దాకా 44వ జోన్. ఆ 78 డిగ్రీల గీత ఎక్కడి నుంచి పోతుందనుకున్నారు? మహబూబ్‌నగర్ పట్టణాన్ని ఆనుకొనే. జడ్చర్ల దానికి తూర్పున, 78.14 దగ్గర. దేవరకద్ర పడమర, 77.84 దగ్గర. మక్తల్, నారాయణపేట ఇంకా పడమరకు. రెండు వైపులా తిరిగిన జీపీఎస్ తనంతట తానే జోన్ మార్చుకుంది. మీరు మాత్రం అన్నిటికీ 44 అని చెప్పారు.

మీ అంకెల్లోనే సాక్ష్యం ఉంది. ప్రతి జోన్‌కూ నడిమి గీత ఉంటుంది, ఆ గీత మీద ఈస్టింగ్ 5 లక్షల మీటర్లు అనుకొని లెక్క మొదలుపెడతారు. 43కు నడిమి గీత 75 డిగ్రీలు, 44కు 81. మీ ఊరు 75కు తూర్పున దాదాపు 3 లక్షల మీటర్లు, కాబట్టి 8 లక్షల 2 వేలు. జడ్చర్ల 81కి పడమర 3 లక్షల పైచిలుకు, కాబట్టి 1 లక్షా 95 వేలు. మీ అక్షాంశం దగ్గర 78 గీత ఒక్క అడుగు దాటితే 8 లక్షల 20 వేలు కాస్తా 1 లక్షా 80 వేలవుతుంది. ఆ 8 లక్షల 2 వేలను 44 అని చదివితే 81కి తూర్పున 3 లక్షల మీటర్లు, అంటే బంగాళాఖాతమే. వరస చెడకపోవడానికీ కారణం ఇదే. మీ పిల్లల కొలతలో తప్పు లేదు, ఏ గీత దగ్గర మొదలుపెట్టి కొలిచారో చెప్పడంలోనే తప్పు.

మందు ఇది. ఎక్సెల్‌లో ఈస్టింగ్ 5 లక్షల పైన ఉన్న వరసలన్నీ ఒక ఫైలు, కింద ఉన్నవి ఇంకో ఫైలు చేయండి. మొదటిది తెచ్చేటప్పుడు ఈపీఎస్‌జీ 32643 పెట్టండి, రెండోది 32644. రెండూ భూమ్మీద పడ్డాక వెక్టర్ మెనూలో మర్జ్ వెక్టర్ లేయర్స్ తో కలిపేయండి, అక్కడ గమ్యం సీఆర్ఎస్ 4326 (మామూలు అక్షాంశ, రేఖాంశ డిగ్రీల లెక్క) ఇవ్వండి. అంతే.

రెండు జాగ్రత్తలు. కింద కుడి మూలన మార్చేది ప్రాజెక్టు సీఆర్ఎస్. అది చూసే కళ్లద్దాలు మార్చడం లాంటిది, బోర్లను కదపదు. అందుకే మీకు ఎన్ని మార్చినా సముద్రం వదల్లేదు. అలాగే సెట్ లేయర్ సీఆర్ఎస్ అనేది “ఈ అంకెలు ఫలానా లెక్కలో ఉన్నాయి” అని చెప్పడానికి మాత్రమే, అంకెలను మార్చడానికి కాదు. మార్చాలంటే ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త ఫైలుగా దాచుకోవాలి. ఈ రెండూ కలిపేసుకొని నేను మొదటి ఉద్యోగంలో ఒక వారం పోగొట్టుకున్నా.

ఈసారి నుంచి జీపీఎస్‌ను డెసిమల్ డిగ్రీల్లో పెట్టుకోండి. డిగ్రీలు, నిమిషాల్లో వద్దు. 16 డిగ్రీల 37 నిమిషాలను పిల్లలు 16.37 అని రాస్తారు. అసలది 16.617. అప్పుడు సముద్రంలో పడదు గానీ 27 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. సముద్రంలో పడితే కనీసం తెలుస్తుంది, ఇది తెలియదు.

తుంగభద్ర ఒడ్డు

కర్నూలులోనూ ఇదే గోల. టౌను గీతకు ఈవల, ఆదోని ఆవల. మాకు ఆఫీసులో అలవాటైపోయింది.

దేవరకద్ర సైన్స్ సారు

మర్రిగూడ తమ్ముడూ, మీ నోట్లో చక్కెర పోయాలి. 31 బోర్లూ ఒడ్డుకొచ్చాయి. కొలిచాను కూడా, సరిగ్గా 6 డిగ్రీలే. మా బావమరిదికి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత “నేనెప్పుడూ షాద్‌నగర్ దాటి ఇటు పని చేయలేదు బావా” అన్నాడు.

ఒక చిన్న చిక్కు నేనే విప్పుకున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. రంగులు వేద్దామని గ్రాడ్యుయేటెడ్ ఎంచితే ఫ్లోరైడ్ కాలమే జాబితాలో కనబడలేదు. చూస్తే నాలుగు వరసల్లో పిల్లలు అంకె బదులు “లేదు” అని రాశారు. ఆ నాలుగు మాటలకు మొత్తం కాలమ్ అక్షరాల కాలమ్ అయిపోయింది. వాటిని సున్నా చేద్దామనుకున్నా, కానీ అట్ట మీద మొదటి గడికి కూడా రంగు రాలేదంటే సున్నా అని కాదు కదా. ఖాళీగా వదిలి, వాటికి విడిగా తెల్ల చుక్క పెట్టాను.

ఇప్పుడు అసలు ఆనందం. యూట్యూబ్‌లో చూసి ఐడీడబ్ల్యూ ఇంటర్‌పొలేషన్ చేశాను. ఎంత బాగా వచ్చిందో! నీలం నుంచి ఎరుపు దాకా జిల్లా అంతా రంగులే, టీవీలో వాన మ్యాప్ లాగా. హెచ్చెం సారు దాన్నే ఫ్లెక్సీ కొట్టిద్దామంటున్నారు. ఒక్క అనుమానం. మేము ఒక్క బోరు కూడా చూడని ఊరు ఒకటి ఎర్రగా వచ్చింది. ఇది ఫరవాలేదా?

మర్రిగూడ మ్యాపులు

ఫరవాలేదు కాదు సార్. ఆ ఫ్లెక్సీ కొట్టించకండి.

ఐడీడబ్ల్యూ చేసే పని ఇంతే: చూడని చోటుకు, చుట్టూ చూసిన బోర్ల అంకెలను దగ్గరవాటికి ఎక్కువ, దూరంవాటికి తక్కువ బరువు ఇచ్చి సగటు కడుతుంది. వాన లాంటి వాటికి కొంత నడుస్తుందేమో. మన నేల గట్టి రాయి, గ్రానైట్. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. ఫ్లోరైడ్ ఆ రాతిలోని ఖనిజాల నుంచి నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు ఎంత కాలం, ఎంత లోతున రాతికి తగులుతూ ఉన్నాయన్న దాన్ని బట్టి, అందులో కాల్షియం ఎంత ఉందన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. మా ఊళ్లో ఒకే వాడలో రెండు బోర్లు చూశాను. ఒకదాని నీళ్లు తాగొచ్చు, పదిళ్ల అవతల ఉన్నదాని నీళ్లు కిట్టులో వేయగానే పసుపు. రెండు బోర్ల నడుమ ఏముందో రాయికి తెలుసు, సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మీ మ్యాప్‌లో ప్రతి బోరు చుట్టూ ఎద్దు కన్నులాంటి గుండ్రాలు వచ్చాయా లేదా చూడండి. అవి నేలలో లేవు, లెక్కలో ఉన్నాయి.

మీ కిట్టు సంగతి కూడా ఉంది. అట్ట మీద అర మిల్లీగ్రాముకో గడి ఉంటుంది. అటువంటి అంకెల నుంచి 1.37, 2.08 అని నున్నటి రంగులు తీయడం ఎక్కడి న్యాయం?

ఇది చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది. మా నాయనమ్మ మెడ తిరిగేది కాదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే చిన్నచిన్న అడుగులేసి మనిషి మొత్తం తిరిగేది. మా వైపు ఊళ్లకు ఈ నీళ్ల పేరు ఎట్లా పడిందో, ఆ పేరు పడ్డాక పిల్లనివ్వడానికి జనం ఎట్లా వెనకాడారో చూస్తూ పెరిగినవాణ్ణి. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా మా ఊరి పేరే పెట్టుకుంది, గొప్పో ఏమో. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చాయి, బోరు నీళ్లు తాగేవాళ్లు తగ్గారు. పేరు మాత్రం అంత తొందరగా పోదు సార్. చూడని ఊరిని ఎర్రగా పూసి జిల్లా ఫెయిర్‌లో నిలబెడితే ఆ ఊరి పిల్లలే వచ్చి చూస్తారు.

చుక్కలే పెట్టండి. ఒక బోరు, ఒక చుక్క. ఏ అంకె దాకా ఏ రంగో తేల్చే క్లాసులు సాఫ్ట్‌వేర్‌కు వదలకండి. ఈక్వల్ కౌంట్ పెడితే ప్రతి రంగుకూ సమానంగా బోర్లు పంచుతుంది, మంచి నీళ్లున్న జిల్లాలో కూడా కొన్ని ఎర్రగానే వస్తాయి. చేత్తో మూడు పెట్టండి: 1.0 దాకా ఒకటి, 1.0 దాటి 1.5 దాకా ఒకటి, 1.5 పైన ఒకటి. మన దేశ ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని ఉంది. రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు, ఆ రెండూ తేడా తెలియని పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. లేత నీలం, పసుపు, ముదురు గోధుమ చాలు.

గడియారం సెంటర్ డీటీపీ

సార్, నాకు మ్యాపులు తెలియవు. నల్లగొండలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొడుతున్న మనిషిని. తెలుగు అక్షరం చెడితే ఏ రోగమో చూసి చెప్తాను.

డబ్బాలు వస్తే ఆ ఫాంట్‌లో తెలుగు లేదని. ఫాంట్ మారిస్తే సరి. ప్రశ్నార్థకాలు వస్తే అక్షరాలు అప్పుడే పోయాయి, ఏ ఫాంటూ తిరిగి తేలేదు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా దాస్తే ఇదే జరుగుతుంది, యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని ఉన్నదే ఎంచాలి. ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా వస్తే అది పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్, యూనికోడ్‌కు మార్చుకోవాలి. అక్షరాలన్నీ ఉండి ఒత్తులు మాత్రం ఊడిపోతే ఫాంట్‌ది తప్పు కాదు, గీసే ప్రోగ్రాంకు అక్షరాలు కూర్చడం రాదన్నమాట. డ, పొల్లు, చ మూడూ కలిపి “డ్చ” చేయాలని దానికి తెలియదు, వరసగా పేర్చుకుంటూ పోతుంది. మీది ఈ నాలుగో రోగం.

మా తమ్ముడు పైథాన్ చేస్తాడు, వాణ్ణి అడిగి రాస్తున్నా. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో బొమ్మను పీఎన్‌జీగా కాకుండా ఎస్‌వీజీగా దాచండి. దాచే ముందు ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అనే సెట్టింగ్‌ను “నన్” అని పెట్టండి. అప్పుడు అది అక్షరాలను బొమ్మలుగా గీయకుండా మాటలుగానే ఫైల్లో ఉంచుతుంది. ఆ ఫైలును బ్రౌజర్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో తెరిస్తే ఒత్తులు వాటంతట అవే కూర్చుంటాయి, అక్కడి నుంచి పీడీఎఫ్ తీసుకోండి. మీ కంప్యూటర్లో తెలుగు ఫాంట్ ఉండాలి, అంతే. క్యూజీఐఎస్‌లో ఊరి పేర్లకు ఈ తంటా లేదట, దానికి కూర్చడం వచ్చు.

ఫ్లెక్సీకి ఇచ్చేటప్పుడు మాత్రం ఎస్‌వీజీ ఇవ్వకండి. షాపతని కంప్యూటర్లో మీ ఫాంట్ లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

దేవరకద్ర సైన్స్ సారు

అక్కా, “జడ్చర్ల” జడ్చర్లలాగే వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంత చిన్న విషయానికి చప్పట్లా అనకండి, నేనూ కొట్టాను.

మర్రిగూడ తమ్ముడూ, ఫ్లెక్సీ ఆపేశాం. హెచ్చెం సారు ముందు ఒప్పుకోలేదు, “చుక్కలు దూరం నుంచి ఏం కనబడతాయి” అన్నారు. మీ నాయనమ్మ సంగతి చదివి వినిపించాను. కాసేపాగి, “చుక్కలు కొంచెం పెద్దవి పెట్టు” అన్నారు. 64 చుక్కలు, మధ్యలో నేలంతా తెల్లగా. ఆ తెల్ల భాగం మీద పిల్లలు వాళ్ల చేతిరాతతో “ఇక్కడ మేము ఇంకా చూడలేదు” అని రాస్తామన్నారు, రాయమన్నాను. 1.5 పైన వచ్చిన బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి ల్యాబ్‌కు పంపుతున్నాం. మా అట్ట రంగుల మీద నాకే పూర్తి నమ్మకం లేదు.

ఇంకొక్క మాట రాసి ముగిస్తా. నిన్న సాయంత్రం పాత నోట్‌బుక్కులు తిరగేశాను, జోన్ సంగతి ఎక్కడైనా దొరుకుతుందేమోనని. మొదటి ఆదివారం లెక్కలు రాసింది మా క్లాసులో ఎప్పుడూ చివరి వరసలో కూర్చునే పిల్ల. ప్రతి ఈస్టింగ్ ముందు గుండ్రటి అక్షరాలతో “44 క్యూ” అని రాసింది. తర్వాతి వారం మా ఊరి బోర్లకు “43 క్యూ” అని రాసింది. జీపీఎస్ తెర మీద ఏది కనబడితే అది, ఒక్క అక్షరం వదలకుండా. ఆ 43లు, 44లు, వాటి పక్కన క్యూలు, అన్నీ ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉన్నాయి. మార్జిన్‌లో “అనవసరం, అంకెలు మాత్రమే రాయి” అని ఉంది.

ఆ ఎర్ర పెన్ను నాదే.